ఎవరిచేత? - కాలేజీ ఇంగ్లీషూ, ముస్లిం విద్యార్థీ

ఇంటర్మీడియెట్‌లో చేరేటప్పుడు అప్లికేషన్ ఫారం నింపుతుంటే ఒక గడి దగ్గర నా కలం ఆగిపోయింది. 'మాతృభాష' అని ఉందక్కడ. 1991 నాటి సంగతి. పక్కన నిలబడ్డ అబ్బా "ఉర్దూ అని రాయ్ బేటా" అన్నాడు. రాశాను. కాని నాకు ఉర్దూ చదవడం రాదు. ఇంట్లో అమ్మీతో మాట్లాడేది దక్కనీ. అది మా నోళ్లలో ఉంది గాని మా బడిలో ఎక్కడా లేదు. ఒకటి నుంచి పది దాకా తెలుగు మీడియంలో చదివాను. వేమన పద్యాలు కంఠతా వచ్చు. పొద్దున్నే మసీదులో మౌల్వీసాబ్ దగ్గర అక్షరాలు దిద్దుకుని అరబ్బీలో ఖురాన్ చదవడం నేర్చుకున్నాను, అర్థం తెలియకుండానే. ఇన్ని భాషల మధ్య పెరిగినవాడికి ఒకే ఒక్క గడి ఇచ్చారు.

దాని కిందే ఇంకో రెండు గడులు. 'పార్ట్ వన్ - ఇంగ్లీషు'. 'పార్ట్ టూ - సెకండ్ లాంగ్వేజ్'. రెండో దాంట్లో తెలుగు, ఉర్దూ, హిందీ, సంస్కృతం, అరబ్బీ వగైరాల్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి. భాషాబోధన పుస్తకాలన్నీ మనకు ఇంగ్లీషే సెకండ్ లాంగ్వేజ్ అంటాయి. మా బోర్డు కాగితాల్లో మాత్రం ఇంగ్లీషు మొదటిది, కన్నతల్లి భాష రెండోది. మరి నా లెక్కలో ఇంగ్లీషు ఎన్నోది? దక్కనీ, తెలుగు, అరబ్బీ, స్కూల్లో హిందీ - వేళ్లు మడుచుకుంటూ పోతే ఐదోది. ఆ ఐదో భాషలో నూటికి 35 మార్కులు తెచ్చుకుంటే చాలన్నారు. తెచ్చుకున్నాను. గైడు కొని, సారాంశాలు బట్టీపట్టి, నాదంటూ ఒక్క వాక్యం కూడా రాయకుండా పాసయ్యాను. తర్వాత ఆ భాషే చదివి, ఆ భాషే చెప్పుకుని బతుకుతున్నాను. ఇరవై ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు పాఠం చెబుతున్నవాడిగా ఈ చదువు మీద నాకున్న ఫిర్యాదు ఇది.

ఇంగ్లీషు కావాలా వద్దా అనే చర్చ నేనిక్కడ చేయబోవడం లేదు. 1854లోనే సావిత్రీబాయి ఫూలే తన కవితా సంపుటిలో ఇంగ్లీషు నేర్చుకొమ్మని అణగారిన వాళ్లకు చెప్పింది. 1875లో అలీగఢ్‌లో బడి పెట్టిన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ ఆ చదువు కోసం, తన భావాల కోసం సొంత మతస్తుల చేత కాఫిర్ అనిపించుకున్నాడు. 2006లో చంద్రభాన్ ప్రసాద్ ఢిల్లీలో మెకాలే పుట్టినరోజు జరిపాడు. మన దగ్గర కంచ ఐలయ్య ఏళ్ల తరబడి చెబుతున్నదీ బహుజనుల పిల్లలకు ఇంగ్లీషు కావాలనే. కావాలి. అందులో నాకు సందేహం లేదు. ఏ ఇంగ్లీషు కావాలి, దేనికి కావాలి అన్నదే నా ప్రశ్న.

* * *

1992 డిసెంబరు. నేను ఇంటర్ సెకండియర్. ఇంగ్లీషు సారు వాయిస్ పాఠం మొదలుపెట్టారు. బోర్డు మీద రాశారు: 'రామా కిల్డ్ రావణా'. దాని కింద: 'రావణా వాజ్ కిల్డ్ బై రామా'. తెలుగు నేల మీద ఇంగ్లీషు చదువుకున్న వాళ్లలో చాలామంది వాయిస్ నేర్చుకున్నది ఈ వాక్యంతోనే. ఆ వాక్యం మీద నాకు పేచీ లేదు. రామాయణం నాకూ తెలుసు, తెలుగు వాచకంలో చదివాను. కాని మా క్లాసులో ఎనిమిది మంది ముస్లిం పిల్లలున్నాం. రెండేళ్లలో మా పేర్లు హాజరుపట్టీలో తప్ప బోర్డు మీద ఎప్పుడూ రాలేదు. సారు మంచి మనిషి. కావాలని చేసింది కాదు. ఆయనకు తోచలేదంతే. తోచకపోవడమే అసలు సంగతి.

ఆ వారమే బాబ్రీ మసీదు కూలింది. కాలేజీకి సెలవులిచ్చారు. అబ్బాకు తెలుగు చదవడం రాదు. చాయ్ హోటల్లో పేపరు నా చేత చదివించుకున్నాడు. పైన పెద్దక్షరాల్లో 'వివాదాస్పద కట్టడం నేలమట్టం' అని ఉంది. చదివి, దక్కనీలో చెప్పాను. అబ్బా చాయ్ తాగడం ఆపి ఒకే మాట అడిగాడు: "కౌన్ గిరాయే బోల్కే లిఖ్యా?" ఎవరు కూల్చారని రాశాడు?

పెద్దక్షరాల్లో ఎవరూ లేరు. లోపల చిన్నక్షరాల్లో కరసేవకులు అని ఉంది. వాళ్లను పోగుచేసిందెవరు, వద్దనాల్సిన వాళ్లు ఏం చేశారు - అది లేదు. నేను మళ్లీ మళ్లీ వెతికాను.

కాలేజీ తెరిచాక సారు పాఠం ఎక్కడ ఆపారో అక్కడే అందుకున్నారు. పాసివ్ వాయిస్‌లో 'బై' తర్వాత వచ్చే కర్తను అక్కర్లేకపోతే వదిలెయ్యొచ్చని చెప్పారు. చేసినవాడెవడో తెలియనప్పుడు, చెప్పడం అనవసరమైనప్పుడు, చెప్పడం ఇష్టం లేనప్పుడు. నోట్సులో రాసుకున్నాను. అబ్బా హోటల్లో అడిగిన ప్రశ్నా, నోట్సులో రాసుకున్న ఈ సూత్రమూ ఒకే విషయం గురించని అర్థం కావడానికి నాకు పదేళ్లు పట్టింది.

మన భాషలన్నింటికీ ఈ తేడా తెలుసు. తెలుగులో 'కూలింది' వేరు, 'కూల్చారు' వేరు. 'కాలింది' వేరు, 'కాల్చారు' వేరు. ఒక్క 'చు' చేరితే మనిషి వచ్చి వాక్యంలో నిలబడతాడు. ఉర్దూలో 'గిరా' అంటే పడిపోయింది, 'గిరాయా' అంటే పడేశాడు. 'జలా', 'జలాయా' కూడా అంతే. చదువురాని అబ్బాకు ఈ వ్యాకరణం పుట్టుకతో వచ్చింది. గిరా అని చదివితే గిరాయా సంగతేమిటని అడిగాడు. కాలేజీలో దాన్ని రామా, రావణా అని మార్చి రాసే కసరత్తుగా నేర్పారు. పది మార్కుల ప్రశ్న అయింది. అర్థం పోయింది.

* * *

మాట్లాడే ఇంగ్లీషు వేరు, చదువుల ఇంగ్లీషు వేరు. కెనడాలో వలస వచ్చిన వాళ్ల పిల్లల మీద పనిచేసిన జిమ్ కమిన్స్ 1979లో ఈ రెంటినీ విడదీసి చూపించాడు. పదిమందిలో మాట్లాడే ఇంగ్లీషు పిల్లలకు రెండేళ్లలో పట్టుబడుతుంది. పాఠం చదివి అర్థం చేసుకుని, వాదన పట్టుకుని, తన వాదన రాసే ఇంగ్లీషు రావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. బాగా మాట్లాడుతున్నాడు కదా అని టీచర్లు మోసపోతారు. తీరా పరీక్షలో వాడు తేలిపోతాడు. అప్పుడు తెలివితక్కువ వాడంటారు. అక్కడ చుట్టూ ఇంగ్లీషే ఉన్న దేశంలో ఈ లెక్క. గంటసేపు క్లాసులో తప్ప ఇంగ్లీషు చెవిన పడని మన ఊళ్లలో ఎన్నేళ్లు పట్టాలో మీరే ఆలోచించండి.

మన దగ్గర జరుగుతున్నదేమిటి? గల్లీ గల్లీకీ స్పోకెన్ ఇంగ్లీషు సెంటర్లు. 'హౌ ఆర్ యూ' నుంచి ఇంటర్వ్యూ దాకా అన్నీ నేర్పుతారు. ముస్లిం యువకులు చాలామంది వాటికే పోతున్నారు. తప్పు పట్టను. సేల్స్‌లో, కాల్ సెంటర్‌లో, గల్ఫ్‌లో ఆ ఇంగ్లీషు కూడు పెడుతుంది. కాని అది అవతలివాడి ప్రశ్నకు జవాబు చెప్పే ఇంగ్లీషు. అవతలివాడిని ప్రశ్న అడిగే ఇంగ్లీషు కాదు. మన గురించి రాసిన కాగితం ముందు పెడితే ఆ ఇంగ్లీషు నోరు మూసుకుంటుంది.

న్యూజిలాండ్‌కు చెందిన ఏవ్‌రిల్ కాక్స్‌హెడ్ 2000లో ఒక జాబితా తయారుచేసింది. యూనివర్సిటీ పుస్తకాల్లో ఏ శాస్త్రంలోనైనా మళ్లీ మళ్లీ వచ్చే మాటల్ని ఏరి 570 పదకుటుంబాలుగా కూర్చింది. చదువుల పుస్తకంలో పది మాటలకు ఒకటి చొప్పున ఇవే తగులుతాయి. బజారులో వినపడని మాటలివి. ఎవిడెన్స్, అస్యూమ్, కాన్సెప్ట్, డేటా వగైరా. నేను నా క్లాసులో ఈ జాబితా వాడతాను. అందులో 'ఐడెంటిటీ' ఉంది. మన పుస్తకాలన్నీ ఏ మాట చుట్టూ తిరుగుతున్నాయో ఆ మాట. 'స్ట్రక్చర్' కూడా ఉంది.

స్ట్రక్చర్ అంటే నిర్మాణం. సోషల్ స్ట్రక్చర్, సెంటెన్స్ స్ట్రక్చర్ అని పాఠాల్లో వస్తుంది. ఏ పాపమూ ఎరగని మాట. 1992లో ఆ మాటనే తెచ్చి మసీదుకు తగిలించారు: 'డిస్‌ప్యూటెడ్ స్ట్రక్చర్'. తెలుగు పేపర్లు దాన్నే తర్జుమా చేసి 'వివాదాస్పద కట్టడం' అన్నాయి. మసీదు అంటే అందులో నమాజు ఉంది, వుజూ నీళ్లున్నాయి, మనుషులున్నారు. కట్టడం అంటే ఇటుకలూ సున్నమే. రెండూ నిఘంటువు ప్రకారం తప్పు కాదు. కాని ఒక మాట పెట్టి ఇంకో మాట తీసెయ్యడంలో ఏం జరిగిందో పట్టుకోగలగడమే నా దృష్టిలో ఇంగ్లీషు రావడం. మా పిల్లలకు 'స్ట్రక్చర్'కు అర్థం రాయమంటే రాస్తారు. ఆ మాట అక్కడెందుకు వచ్చిందో చెప్పమంటే తెల్లముఖం వేస్తారు. వాళ్లకు మనం ఎప్పుడైనా నేర్పితే కదా.

* * *

మన మీద రాసిన కాగితాలన్నీ ఏ భాషలో ఉన్నాయో ఒకసారి చూద్దాం.

1948 సెప్టెంబరులో హైదరాబాదు మీద జరిగిన సైనికచర్యకు పోలీస్ యాక్షన్ అని పేరు పెట్టారు. ఆ తర్వాత రాష్ట్రంలో ఏం జరిగిందో చూసి రమ్మని పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరుల్ని పంపించారు. వాళ్లు ఊరూరా తిరిగి రిపోర్టు రాశారు. రజాకార్ల దౌర్జన్యాల్ని దాచలేదు. సైనికచర్య సమయంలోనూ ఆ తర్వాతా రాష్ట్రం మొత్తమ్మీద 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేశారు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ దెబ్బతిన్నాయన్నారు. ఆ రిపోర్టును ప్రభుత్వం దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. 2013లో ఎ.జి. నూరానీ హైదరాబాదు మీద రాసిన పుస్తకంలో అచ్చయింది. ఇంగ్లీషులో.

బొంబాయిలో 1992-93లో జరిగిన మారణకాండ మీద శ్రీకృష్ణ కమిషన్ 1998లో రిపోర్టు ఇచ్చింది. ఇంగ్లీషులో. మసీదు కూల్చివేత మీద 1992 డిసెంబరులో వేసిన లిబర్‌హాన్ కమిషన్‌కు మూడు నెలల గడువిచ్చారు. 48 సార్లు గడువు పొడిగించుకుని 2009 జూన్‌లో రిపోర్టు ఇచ్చింది. ఇంగ్లీషులో. అబ్బా హోటల్లో అడిగిన ప్రశ్నకు జవాబు రాయడానికి దేశానికి పదహారేళ్లకు పైగా పట్టింది. అప్పటికి అబ్బా లేడు. 2019 నవంబరు 9న సుప్రీంకోర్టు 1045 పేజీల తీర్పు ఇచ్చింది. మసీదు కూల్చడం చట్టాన్ని ఘోరంగా ఉల్లంఘించడమే అన్న మాట అందులో ఉంది. ఆ స్థలం గుడికివ్వాలన్న మాటా అందులోనే ఉంది. ఈ రెండు మాటల మధ్య ఆ తీర్పు ఏ దారిన నడిచిందో తెలియాలంటే ఆ పేజీలు చదవాలి. 2020 సెప్టెంబరు 30న లక్నో ప్రత్యేక కోర్టు కూల్చివేత కేసులో 32 మంది నిందితుల్నీ నిర్దోషులుగా వదిలేసింది. కూల్చడం నేరమే, నేరస్తులు మాత్రం లేరు. కర్త లేని వాక్యం.

2006లో వచ్చిన సచార్ కమిటీ రిపోర్టు నాలుగు వందలకు పైగా పేజీలు. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యత 64.8 శాతం ఉంటే ముస్లింలలో 59.1 శాతమని చెప్పింది. ముస్లింలు పిల్లల్ని మదర్సాలకు తప్ప పంపరనే ప్రచారాన్ని కూడా ఆ రిపోర్టు తోసిపుచ్చింది. బడి వయసు ముస్లిం పిల్లల్లో మదర్సాలకు వెళ్లేది 3 శాతం మందే అని లెక్క తేల్చింది. ఈ ఒక్క లెక్క మన ప్రతి కుర్రాడి జేబులోనూ ఉండాల్సింది. క్యాంటీన్‌లో "మీవాళ్లు మదర్సాలు వదలరు కదరా" అన్నప్పుడు తీసి చూపించడానికి. ఎంతమంది దగ్గర ఉంది?

సుందర్‌లాల్ రిపోర్టులోని ఆ అంచనా వాక్యాన్ని ఒకసారి మా డిగ్రీ పిల్లలకిచ్చి తెలుగు చేయమన్నాను. అందులో 'కన్జర్వేటివ్ ఎస్టిమేట్' అనే మాట ఉంది. ఒక తెలివైన అమ్మాయి 'సంప్రదాయవాదుల అంచనా ప్రకారం' అని రాసింది. నవ్వకండి. ఆమెకు కన్జర్వేటివ్ అన్న మాట తెలుసు. పాలిటిక్స్ పుస్తకంలో చదివింది. చదువుల ఇంగ్లీషులో ఆ మాటకు 'తక్కువలో తక్కువ వేసినా' అనే అర్థం ఉందని ఆమెకెవరూ చెప్పలేదు. తేడా ఎంతుందో చూడండి. ఒక అర్థంలో అది ఎవరో ఛాందసులు వేసిన లెక్క, నమ్మాలో వద్దో తెలియదు. ఇంకో అర్థంలో పోయినవాళ్లు ఇంతకన్నా ఎక్కువే ఉంటారు, తక్కువ ఉండరు. తన తాతల చావుల లెక్క ఒక్క మాట తెలియక చేతుల్లోంచి జారిపోయింది.

చదువుల ఇంగ్లీషు ఆచితూచి మాట్లాడుతుంది. 'అనిపిస్తోంది', 'కావచ్చు', 'కొంతమేరకు' అంటుంది. అలా తగ్గించి చెప్పడం నిజాయితీ కావచ్చు, నంగితనమూ కావచ్చు. పనుల్ని నామవాచకాలుగా మారుస్తుంది. ఎవరో ఎవరినో తరిమేస్తే 'డిస్‌ప్లేస్‌మెంట్' జరుగుతుంది. తగలబెడితే 'ఆర్సన్' జరుగుతుంది. చంపితే 'వయొలెన్స్' చెలరేగుతుంది. ఇవి నేర్చుకోవడానికి రెండు కారణాలున్నాయి. ఎదుటివాడు ఇలా రాసినప్పుడు వాడు దాచిందేమిటో బయటికి లాగడానికి ఒకటి. మనం రాసేటప్పుడు ఆవేశంతో అరవకుండా, అవతలివాడు కొట్టిపారేయలేనట్టు రుజువులతో రాయడానికి రెండోది. మన బాధను మనం కవిత్వంలో బ్రహ్మాండంగా చెప్పాం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది, 1998లో 'జల్‌జలా' వచ్చింది, తెలుగు సాహిత్యం ఉలిక్కిపడింది. కాని కమిషన్ ముందు కవిత చదివితే రికార్డులోకి ఎక్కదు. అక్కడ అఫిడవిట్ కావాలి.

* * *

ఇప్పుడు మా నాలుకల సంగతి.

ఇంటర్‌లో నేను 'ఇస్కూల్' అన్నాను. క్లాసంతా నవ్వింది. 'ఇస్టేషన్', 'ఇస్టూడెంట్' అనిపించి మరీ నవ్వారు. "తురకోడి ఇంగ్లీషు" అన్నాడొకడు. ఆ తర్వాత రెండేళ్లూ ఆ క్లాసులో నేను నోరు విప్పలేదు. నాలాంటి వాళ్లు ఎంతమంది ఒక్క నవ్వుతో చివరి బెంచీకి పోయారో ఎవరు లెక్క పెట్టారు?

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మాట మొదట్లో 'స'తో ఇంకో హల్లు కలిస్తే ముందొక అచ్చు చేర్చుకోవడం ఉర్దూవాళ్లొక్కరి అలవాటు కాదు. స్పానిష్ వాళ్లదీ అదే అలవాటు. పాత ఫ్రెంచి వాళ్లూ అదే చేశారు. వాళ్ల నోటి మీదుగా వచ్చినందుకే ఇంగ్లీషులో 'స్టేట్' పక్కన 'ఎస్టేట్' ఉంది. 'స్పెషల్' పక్కన 'ఎస్పెషల్' ఉంది. ఫ్రెంచివాడు అంటే అది నిఘంటువులోకి ఎక్కింది. సాయిబు అంటే నవ్వులపాలయింది. తప్పు నాలుకది కాదు. ఎవరి నాలుక అన్నదాన్ని బట్టి తప్పు తేలుతుంది.

ఇంకో సంగతి. ఇంగ్లీషు జెడ్ శబ్దానికి తెలుగులో విడిగా అక్షరం లేదు. జూలో జిరాఫీ అన్నా, జీరో అన్నా తెలుగు పిల్లలకు ఒకటే 'జ'. ఉర్దూలో ఆ శబ్దానికి ఒకటి కాదు, నాలుగు అక్షరాలున్నాయి. నమాజ్, జిందగీ, జమీన్ అని రోజూ పలికే నోటికి జెడ్ పుట్టుకతో వస్తుంది. ఇస్కూల్ విని నవ్విన క్లాసులో నా జెడ్‌ను చూసి నేర్చుకొమ్మని ఒక్కరూ అనలేదు. నాకూ తెలియదు అది నా బలమని.

తప్పులకూ కారణాలుంటాయి. మా పిల్లలు 'హి సెడ్ దట్ ఐ విల్ కమ్' అని రాస్తారు. ఎర్రసిరాతో కొట్టేస్తారు సార్లు. కారణం అడగరు. తెలుగులో 'నేను వస్తానని చెప్పాడు' అంటాం, చెప్పినవాడి మాటను చెప్పినట్టే ఉంచి 'అని' తగిలిస్తాం. దక్కనీ ఆ 'అని'ని తెలుగు నుంచి తెచ్చుకుని 'బోల్కే' చేసుకుంది: 'ఆతూఁ బోల్కే బోల్యా'. లక్నో ఉర్దూవాళ్లు ఈ 'బోల్కే'కు నవ్వుతారు. నేనైతే తెలుగూ ఉర్దూ నాలుగు వందల ఏళ్లకు పైగా ఒకే వాకిట్లో కూర్చుని మాట్లాడుకున్నదానికి అది సాక్ష్యమంటాను. ఈ సంగతి బోర్డు మీద రాసి, మన భాషల్లో మాట ఇలా అప్పజెప్తాం, ఇంగ్లీషులో చెప్పేవాడి స్థానం నుంచి మార్చి చెప్తాం అని చూపిస్తే పావుగంటలో తెలుగు పిల్లలకూ ముస్లిం పిల్లలకూ ఒకేసారి అర్థమవుతుంది. ఇద్దరి తప్పూ ఒకటే కాబట్టి. మతం వేరైనా వ్యాకరణం ఒకటని ఆ క్లాసులో తెలుస్తుంది. సెక్యులరిజం మీద ఉపన్యాసాలకన్నా ఈ పావుగంట నాకు ఎక్కువ పనిచేసింది.

సొంత భాషను పక్కన పెట్టకుండా ఇంగ్లీషు నేర్చుకోవడం మన నేలకు కొత్త కూడా కాదు. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ చదువంతా ఉర్దూలో చెప్పింది. దానికోసం పుస్తకాలు తర్జుమా చేసే శాఖనే పెట్టింది. దాంతోపాటు ప్రతి విద్యార్థీ ఇంగ్లీషును ఒక భాషగా తప్పనిసరిగా చదవాలన్నది. అందులో లోపం ఉంది. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు, మరాఠీకి, కన్నడకు ఆ స్థానం దక్కలేదు. ఆ విమర్శ న్యాయమైనదే, మనం ఒప్పుకోవాలి. కాని దేశభాషలో శాస్త్రం చెబుతూ, ఇంగ్లీషును భాషగా నేర్పొచ్చన్న ఆలోచన సరైంది. 1948 తర్వాత ఉర్దూ మీడియం పోయింది. దాని స్థానంలోకి తెలుగు రాలేదు, ఇంగ్లీషు వచ్చింది. 1958లో ఇంగ్లీషు బోధన కోసమే ఒక కేంద్ర సంస్థ హైదరాబాదులో వెలిసింది. అదే 2007లో ఇఫ్లూ యూనివర్సిటీ అయింది. దేశమంతటికీ ఇంగ్లీషు టీచర్లను తయారుచేసే సంస్థ ఉన్న నగరంలోనే, పాతబస్తీ కుర్రాడు ఇంగ్లీషు పేపర్లో తప్పి మెకానిక్ షెడ్డుకు పోతున్నాడు.

* * *

మనల్ని మనం కూడా కొంచెం చూసుకోవాలి.

ముస్లిం అంటే ఉర్దూ అని మనమే గిరి గీసుకున్నాం. దూదేకుల వాళ్లు ఇంట్లో తెలుగే మాట్లాడతారు. వాళ్లను చూసి 'వీళ్లకు ఉర్దూ రాదు, వీళ్లేం ముస్లింలు' అని నవ్వే సయ్యదులు, షేకులు నాకు తెలుసు. క్లాసులో నన్ను చూసి నవ్విన నవ్వుకూ ఈ నవ్వుకూ తేడా ఏమిటి? నవ్వినవాళ్లే మారారు. ఇంకొకటి. ఆడపిల్ల ఇంటర్ పాసయితే చాలు, సంబంధం చూస్తాం. నేను చెప్పానే, కన్జర్వేటివ్ ఎస్టిమేట్‌ను తప్పు తర్జుమా చేసిన అమ్మాయి, మరుసటి వారం నా దగ్గరికొచ్చి ఆ రిపోర్టు మొత్తం కావాలని అడిగింది. పూర్తిగా చదివింది. తన పక్క ఊరి పేరు దొరుకుతుందేమోనని వెతికింది. మూడో సంవత్సరంలో నిఖా చేసి పంపేశారు. పరీక్షలు రాయలేదు. ఆ వాక్యంలో కర్తను నేను దాచను. ఆపింది మనమే.

ఉన్నవాళ్లు పిల్లల్ని కాన్వెంటుకు పంపి ఇంగ్లీషు వచ్చేసిందనుకుంటారు. వాళ్ల పిల్లలకు మాట్లాడే ఇంగ్లీషు వస్తుంది, తమ గురించి రాసింది చదవాలన్న కోరిక రాదు. లేనివాళ్ల పిల్లలకు ఆ కోరిక ఉంటుంది, ఇంగ్లీషు రాదు. ఈ రెండూ ఒకచోట కలిపే పని మన సంఘాలు చేయడం లేదు. రంజాన్‌లో ఇఫ్తార్ విందుకు పెట్టే ఖర్చులో కొంత పెట్టి, ప్రతి ఊళ్లో ఆదివారం రెండు గంటలు ఒక రిపోర్టు ముందేసుకుని కూర్చోలేమా? డిక్షనరీ ఒకటి, చదువుకున్నవాడొకడు ఉంటే చాలు. హిందూ మిత్రులూ వచ్చి కూర్చోవచ్చు. సచార్ లెక్కలు వాళ్లకూ తెలియాలి.

సెక్యులర్ టీచర్లకు నాదొక మనవి. మా పిల్లలకు జాలి అక్కర్లేదు, గ్రేస్ మార్కులూ అక్కర్లేదు. బోర్డు మీద ఒకసారి సల్మాకు చోటివ్వండి, పండగ సేమ్యా వండటానికి కాదు, ప్రయోగం చేయడానికో కేసు వాదించడానికో. ఇస్కూల్ అన్నవాణ్ని చూసి నవ్వే క్లాసును ఆపండి. వాడి నోట్లో ఉన్న భాషలేమిటో అడగండి. పాసివ్ వాయిస్ చెప్పేటప్పుడు ఆ రోజు పేపరు తెచ్చి, అందులో కర్త పోయిన వాక్యాలకు గీతలు గీయించండి. ముస్లింల మీద రాసినవే కానక్కర్లేదు. కారంచేడు మీద, చుండూరు మీద, మునిగిపోయిన ఊళ్ల మీద రాసినవి తెండి. ఎక్కడ బలహీనుడు దెబ్బతిన్నాడో అక్కడ వాక్యంలోంచి కొట్టినవాడు మాయమవుతాడు. దళిత పిల్లవాడూ, ముస్లిం పిల్లవాడూ కలిసి వెతకాల్సింది వాణ్నే.

నా క్లాసులో ఇప్పుడు వాయిస్ పాఠం రావణుడితో మొదలుకాదు. మూడు మాటలు రాస్తాను: కూలింది, గిరా, వాజ్ డిమాలిష్డ్. పిల్లల్ని ఏం అడగాలో అడగమంటాను. మొదట ఎవరూ మాట్లాడరు. తర్వాత ఎవరో ఒకరు, ఎక్కువగా చివరి బెంచీలోంచే, అడుగుతారు: "బై హూమ్ సార్?"

మా అబ్బా హోటల్లో దక్కనీలో అడిగిన ప్రశ్న అది. దాన్ని ఇంగ్లీషులో అడగడం మా పిల్లలకు వస్తే, ఆ ఏడాది నేను పాఠం చెప్పినట్టు లెక్క.